వాతావరణ సదస్సుల్లో మన దేశం తరఫున మాట్లాడేదెవరు? వాళ్లను మనం అడిగేదెట్ల?

గోదావరిఖని టీచర్:

అందరికీ నమస్తే. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మాది సింగరేణి కుటుంబమే. మా నాన్న అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మొన్న ఎనిమిదో తరగతిలో బొగ్గు గురించి చెప్తుంటే వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, "టీచర్, బొగ్గు బంద్ చేస్తమని మనోళ్లు బయటి దేశంల సంతకం పెట్టిన్రంట కదా, మా డాడీ నౌకరి పోతదా?" అని అడిగాడు. క్లాసంతా నా మొహమే చూస్తున్నది. అందులో సగం మంది ఇళ్లల్లో తండ్రో పెదనాన్నో ఓపెన్‌కాస్ట్‌లో డ్యూటీకి పోతారు.

కార్బన్ డయాక్సైడ్ సంగతి ఎంతసేపైనా చెప్పగలను. కానీ మన తరఫున ఈ వాతావరణ సదస్సులకు పోయేదెవరు, వాళ్లను పంపేదెవరు, అక్కడ చెప్పింది మనకు చదువుకోవడానికి దొరుకుతుందా, నచ్చకపోతే ఎవరిని అడగాలి, ఇవేవీ నాకు తెలియవు. ప్రతి నవంబరులో రెండు వారాలు టీవీల్లో హడావిడి చేస్తారు, తర్వాత ఎవరూ మాట్లాడరు. ఈ విషయం దగ్గరగా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం వివరంగా చెప్పండి. పిల్లలకు చెప్పాలి, నాకూ తెలియాలి.

ఢిల్లీ పాత విలేకరి:

టీచర్ గారూ, ముందు ఆ పిల్లవాడికి చెప్పాల్సింది చెప్తాను. బొగ్గు బంద్ చేస్తామని మన దేశం ఎక్కడా సంతకం పెట్టలేదు. వాడు విన్నది బహుశా 2021లో బ్రిటన్‌లోని గ్లాస్గోలో జరిగిన ఐరాస వాతావరణ సదస్సు సంగతి. ఆ నవంబరు 13న, సదస్సు ఆఖరి ఘడియల్లో, ముసాయిదాలో బొగ్గు కరెంటును దశలవారీగా పూర్తిగా మానుకునే ప్రయత్నాలు పెంచాలని ఉంది. మన పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ లేచి, మానుకోవడం అని కాదు, తగ్గించుకోవడం అని రాయమన్నారు. అలాగే రాశారు. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ సభకు క్షమాపణ చెప్తూ గొంతు పూడుకుపోయి ఆగిపోవడం ప్రపంచమంతా చూసింది. బొగ్గును తగ్గించుకోవడం అన్న ఆ మాటే మూడు రోజుల ముందు అమెరికా, చైనా కలిసి చేసిన ప్రకటనలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ పత్రంలో ఏ దేశానికీ బొగ్గు మీద గడువు తేదీ లేదు, ఇన్ని టన్నులన్న లెక్క లేదు. దాన్ని చూపించి మీ ఊళ్లో ఏ గనినీ ఎవరూ మూయించలేరు.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల ప్రాంతానికి వచ్చారంటే అది గ్లాస్గో వల్ల కాదు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, స్వచ్ఛంద పదవీ విరమణలు, కాంట్రాక్టు పద్ధతి వల్ల. మీ నాన్నగారు ఇదంతా కళ్లారా చూసే ఉంటారు. పిల్లవాడి భయం నిజమైనదే, కానీ అది వచ్చిన దారి వేరు. ఆ తేడా వాడికి తెలియాలి.

ఇక పోయేదెవరంటే, నాయకత్వం పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖది. మంత్రి చివరి వారంలో వస్తారు. అసలు బేరమంతా నడిపేది సంయుక్త కార్యదర్శులు, సలహాదారుల స్థాయి అధికారులు. డబ్బు సంగతి వచ్చేసరికి కుర్చీలో ఆర్థిక శాఖవాళ్లుంటారు. 2024లో అజర్‌బైజాన్‌లోని బాకూలో జరిగిన సదస్సు గుర్తుందా? ధనిక దేశాలు 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లు సమకూర్చేలా చూస్తామన్న తీర్మానాన్ని నవంబరు 24 తెల్లవారుజామున అధ్యక్షుడు సుత్తి కొట్టి ఆమోదించేశారు. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. మాట్లాడతామని మనవాళ్లు ముందే చెప్పి ఉంచినా, సుత్తి పడ్డాకే మైకు ఇచ్చారు. అప్పుడు లేచి, ఈ పత్రం కనికట్టు తప్ప మరొకటి కాదన్న అర్థం వచ్చేలా నిలదీసింది చాందినీ రైనా. ఆవిడ ఆర్థిక శాఖ సలహాదారు, పర్యావరణ శాఖ మనిషి కాదు. ఇదెందుకు చెప్తున్నానంటే, ప్రశ్న ఏ శాఖకు వేయాలో తెలియకపోతే జవాబు "ఇది మా పరిధిలోకి రాదు" అని వస్తుంది.

ఆ రాత్రి ఆవిడ మాట్లాడింది విని నాకు గర్వంగా అనిపించింది. అదే సమయంలో, మన పౌరులకు ఆ వాదన ముందుగా ఎందుకు తెలియలేదు, మనం ఎంత అడుగుతున్నామో, ఎంత దగ్గర ఆగుతామో పార్లమెంటులో ఎందుకు చర్చకు రాలేదు అని బాధ కలిగింది. మన దేశంలో అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించడానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు, మంత్రివర్గం సరిపోతుంది. వాతావరణ మార్పును అడ్డుకోవడానికి దేశాలన్నీ కుదుర్చుకున్న పారిస్ ఒప్పందాన్ని 2016 అక్టోబరు 2న అలాగే ఆమోదించాం. అందుకే మనమే అడిగి చెప్పించుకోవాలి.

అడగడానికి అన్నిటికంటే పదునైన పద్ధతి ఒకటుంది. మైకులో చెప్పినదాన్నీ, కాగితం మీద పెట్టి ఐక్యరాజ్య సమితికి పంపినదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. 2021 నవంబరు 1న ప్రధాని గ్లాస్గోలో పంచామృతం పేరుతో ఐదు హామీలు ఇచ్చారు. 2030 నాటికి శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాస్ కాని) ఇంధనాల కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లు, మన శక్తి అవసరాల్లో 50 శాతం పునరుత్పాదక వనరుల నుంచి, అప్పటిదాకా వంద కోట్ల టన్నుల ఉద్గారాల తగ్గింపు, జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలు 2005తో పోలిస్తే 45 శాతం తక్కువ, 2070కి నెట్ జీరో, అంటే వదిలే ఉద్గారాలు, తిరిగి పీల్చుకునేవి సమానం కావడం. తొమ్మిది నెలల తర్వాత, 2022 ఆగస్టులో, మంత్రివర్గం ఆమోదించి పంపిన అధికారిక పత్రం తీసి చూడండి. 45 శాతం ఉంది. 500 గిగావాట్ల లక్ష్యం లేదు. వంద కోట్ల టన్నులు లేవు. "శక్తి అవసరాల్లో 50 శాతం" అన్నది "స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో దాదాపు 50 శాతం" అయింది, అదీ టెక్నాలజీ బదిలీ, చౌక విదేశీ నిధుల సాయంతో అన్న షరతు మీద.

మీరు రామగుండం పక్కనే ఉన్నారు కాబట్టి ఈ తేడా మీ పిల్లలకు మీరే బాగా చెప్పగలరు. ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022లో పూర్తయిన తేలే సోలార్ ప్లాంటు సామర్థ్యం 100 మెగావాట్లు. ఎండ ఉన్నంతసేపే కరెంటు. అంతే సామర్థ్యం ఉన్న బొగ్గు యూనిట్ రాత్రీపగలూ నడుస్తుంది. ఏడాది మొత్తం లెక్కేస్తే ఆ సోలార్ ఇచ్చేది బొగ్గు యూనిట్ ఇచ్చేదాంట్లో మూడో వంతుకు అటూఇటూ ఉంటుంది. దేశం మొత్తానికీ ఇదే వర్తిస్తుంది. సామర్థ్యంలో 50 శాతం మనం 2025 మధ్యలోనే, ఐదేళ్లు ముందుగా అందుకున్నాం. అది చిన్న విషయం కాదు, మెచ్చుకోవాల్సిందే. కానీ నిజంగా పుట్టిన కరెంటులో శిలాజేతర వాటా 2024-25లో నాలుగో వంతు ప్రాంతంలోనే ఉంది. సభలో ఒక హామీ ఇచ్చి పత్రంలో ఇంకొకటి ఎందుకు రాశారన్నది ఏ పౌరుడైనా మర్యాదగా, గట్టిగా అడగదగ్గ ప్రశ్న. దానికి మంచి కారణం ఉండొచ్చు. ఉంటే చెప్పనివ్వండి.

చదవడానికి ఎక్కడ దొరుకుతాయంటే, దేశాలు రాతపూర్వకంగా ఇచ్చే అభిప్రాయాలన్నీ ఐరాస వాతావరణ సంస్థ వెబ్‌సైటులో ఉంటాయి. పాల్గొన్నవారి జాబితా కూడా హోదాలతో సహా అక్కడే పెడతారు. ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్ అని 1992 నుంచి రోజువారీ నివేదిక వస్తోంది. ఏ గదిలో ఏ దేశం ఏమందో చాలామటుకు దేశం పేరుతోనే రాస్తారు. మనవాళ్లు ఒంటరిగా కాక ఎల్ఎండీసీ (ఒకే ఆలోచన ఉన్న వర్ధమాన దేశాలు), బేసిక్ (బ్రెజిల్, దక్షిణాఫ్రికా, ఇండియా, చైనా), జీ77 (వర్ధమాన దేశాల పెద్ద కూటమి) అనే కూటముల తరఫున మాట్లాడటం ఎక్కువ, కాబట్టి ఇండియా అని వెతికితే సగమే దొరుకుతుంది, ఆ పేర్లతోనూ వెతకండి.

తెనాలి రైతుబిడ్డ:

పెద్దలు విడమరిచి రాశారు, బాగుంది. కానీ నాకో అభ్యంతరం ఉంది. సగటు అమెరికావాడు ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మనవాడు రెండు టన్నుల చిల్లర. నూట యాభై ఏళ్లు బొగ్గు మండించి బాగుపడింది వాళ్లు. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రలోనే వెయ్యి మందికి పైగా పోయారు, పోయినవాళ్లలో కూలీనాలీ ఎంతమందో మాకు తెలుసు. ఇలాంటప్పుడు అక్కడ మన కోసం కొట్లాడేవాళ్లను మనమే వెనక నుంచి లాగితే ఎవరికి లాభం? నిలదీయాల్సింది వాళ్లను, మనవాళ్లను కాదు. తప్పుగా అనుకోకండి, మనసులో ఉన్నది రాశాను.

బాన్ విద్యార్థిని:

నేను జర్మనీలో బాన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, ఊరు నిజామాబాద్. యూనివర్సిటీకి పరిశీలకుల పాసులుంటాయి, దాంతో ఇక్కడ జరిగే ఐరాస వాతావరణ సంస్థ జూన్ సమావేశాలకు వెళ్లాను. అక్కా, మీరు నవంబరు రెండు వారాల గురించి అడిగారు కానీ సగం పని ఇక్కడ జూన్‌లోనే అవుతుంది. కెమెరాలుండవు, మంత్రులుండరు.

గది ఎలా ఉంటుందో చెప్తాను, పిల్లలకు ఆసక్తిగా ఉంటుంది. బల్లల చుట్టూ దేశాల పేర్ల పలకలు. మాట్లాడాలంటే పలకను నిలువుగా నిలబెట్టాలి. ముందు పెద్ద తెర మీద ముసాయిదా కనిపిస్తుంటుంది. ఎవరికైనా ఏదైనా నచ్చకపోతే దాని చుట్టూ చదరపు కుండలీకరణాలు పడతాయి. నేను కూర్చున్న ఒక పూట, డబ్బు ఇవ్వాల్సింది ఎవరన్న ఒక్క వాక్యం చుట్టూనే గంటకు పైగా గడిచింది. యూరప్ ప్రతినిధి "అన్ని వనరుల నుంచీ" అని చేర్చమంటే, మన అధికారి పలక నిలబెట్టి, పారిస్ ఒప్పందం తొమ్మిదో అధికరణం మొదటి పేరా ప్రకారం ఆ బాధ్యత అభివృద్ధి చెందిన దేశాలదని కాగితం చూడకుండా చదివారు. గొంతు పెంచలేదు. నేను వెనక గోడ వారగా పరిశీలకుల కుర్చీల్లో కూర్చుని రాసుకున్నాను. 2025 జూన్‌లో అయితే ఈ పేరా మీద చర్చకు ఎజెండాలో చోటు కావాలని వర్ధమాన దేశాలు పట్టుబట్టడంతో అసలు ఎజెండా ఖరారు కావడానికే దాదాపు రెండు రోజులు పట్టింది.

బేరం గట్టిపడే వేళకు మాత్రం మమ్మల్ని బయటికి పంపేస్తారు. తలుపు వేసుకుని దేశాలే కూర్చుంటాయి. అప్పుడు తెలుసుకునే దారి ఒకటే, నడవాలో మన అధికారి బయటికి వస్తుంటే దగ్గరకు వెళ్లి నమస్తే సార్ అని పలకరించడం. నాకు ఎదురైనవాళ్లు విసుక్కోలేదు. ఒకాయన అయితే నిలబడి, "మమ్మల్ని ఇక్కడ మన దేశం నుంచి వచ్చి అడిగేవాళ్లే తక్కువ" అన్నారు. చిన్న చిన్న యూరప్ దేశాల పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి వాళ్ల ప్రతినిధులతో రోజూ పొద్దున సమావేశం పెట్టించుకుంటారు. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సు ముందు, ఒక్కో దేశం నుంచి ఒక్కో కుర్రాడో అమ్మాయో తమ దేశ ప్రతినిధి బృందాన్నే అంటిపెట్టుకుని తిరిగి ఇంటివాళ్లకు రాసే ప్రయత్నం ఒకటి నడిచిందని ఇక్కడి సీనియర్లు చెప్తారు. మన భాషల్లో అలాంటిది ఉండాలని నాకు చాలా ఉంది. వచ్చే జూన్‌లో నేనిక్కడే ఉంటాను, రోజూ ఒక పేజీ తెలుగులో రాసి ఈ థ్రెడ్‌లో పెడతాను.

ఉప్పాడ తీరం:

టీచర్ గారూ, మాది సముద్రం తినేస్తున్న ఊరు. రాళ్ల కట్ట వేస్తే తుపానుకు పోతుంది, మళ్లీ వేస్తారు. వాతావరణ మార్పుతో నష్టపోయే వర్ధమాన దేశాలకు సాయంగా ఒక నిధి పెడతామని 2022లో ఈజిప్టు సదస్సులో ఒప్పుకున్నారని, మరుసటి ఏడాది దుబాయ్‌లో మొదలుపెట్టారని విని, మాలాంటి ఊళ్లకు అందులో ఏమైనా వస్తుందా అని మా మత్స్యకార సంఘం వాళ్లం ఎంపీగారి ఆఫీసుకు వెళ్లి ప్రశ్న రాసిచ్చాం. మొదటి దఫా బ్యాలెట్‌లో రాలేదు. ప్రశ్నలు ఎక్కువైతే లాటరీ తీస్తారంట. తర్వాత సమావేశాల్లో మళ్లీ ఇస్తే పడింది. జవాబు కాగితం వచ్చింది. అందులో మా ఊరి పేరు లేదు, నిధి గురించి సాధారణంగా రాశారు. అయినా ఆ కాగితం ఉండబట్టి తర్వాత కలెక్టరేటులో మాట్లాడేటప్పుడు మా మాటకు బలం వచ్చింది. ఎంపీని కలవడానికి మొహమాటపడకండి. పీఏకి తెలుగులో రాసిచ్చినా వాళ్లే ఇంగ్లిషు చేసుకుంటారు.

ఢిల్లీ పాత విలేకరి:

తెనాలి తమ్ముడూ, నువ్వు రాసిన అంకెలు సరైనవే, కోపమూ న్యాయమైనదే. కానీ తలసరి లెక్క చూడాలన్న వాదన మన ప్రభుత్వానికి ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. 1990లో ఒక అమెరికా సంస్థ దేశాలవారీగా మొత్తం ఉద్గారాలు లెక్కేసి ఇండియా, చైనాలను కూడా దోషుల వరసలో నిలబెట్టింది. ఆ లెక్కను చీల్చి చెండాడింది ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్‌కు చెందిన అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్. వాళ్లు మామూలు పౌరులు, ప్రభుత్వ అధికారులు కారు. పేదవాడు బతకడానికి వదిలే పొగనూ, ధనికుడి విలాసపు పొగనూ ఒకే తక్కెడలో పెట్టొద్దన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో మన ప్రతినిధులు అంతర్జాతీయ వేదికల మీద నిలబడింది ఆ తర్కం మీదే. గమనించే పౌరుడు వెనక నుంచి లాగుతాడని ఎందుకనుకోవాలి? బాకూలో చాందినీ రైనా నిలదీసినప్పుడు, వెనక పదిమంది ఎంపీలు అప్పటికే సభలో అదే మాట మాట్లాడి ఉంటే ఆవిడకు ఇంకా బలం ఉండేది కదా.

ఇంకొకటి. అక్కడ మనం అడిగే న్యాయం ఇక్కడ మన ఊళ్లకూ దక్కాలి. బొగ్గు మీద బతికే ప్రాంతాలకు న్యాయమైన మార్పిడి (బొగ్గు తగ్గే కొద్దీ అక్కడివాళ్లు నష్టపోకుండా చూడటం) అన్న అంశం మీద 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెం సదస్సు ఒక యంత్రాంగాన్ని రూపొందించాలని తీర్మానించింది. అది దేశాల మధ్య న్యాయం గురించి కూడా కావాలని, కేవలం కార్మికుల సంగతి కాదని మన వాదన. ఆ వాదన సరైందే. అయితే గోదావరిఖని, కొత్తగూడెం, మంచిర్యాల కార్మికుడికి, ముఖ్యంగా ఏ జాబితాలోనూ కనిపించని కాంట్రాక్టు కార్మికుడికి, ఆ న్యాయంలో వాటా ఏమిటో ఢిల్లీ చెప్పాలి. తమ్ముడూ, ఇది అడగడం దేశాన్ని తగ్గించడం కాదు.

గతంలో మంత్రులు సభకు చెప్పిన సందర్భాలున్నాయి. 2009లో కోపెన్‌హాగన్‌కు బయల్దేరే ముందు, డిసెంబరు 3న, అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ లోక్‌సభలో చర్చకు జవాబిస్తూ 2020 నాటికి ఉద్గారాల తీవ్రతను, అంటే జీడీపీలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలను, 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని ప్రకటించారు. ఆయన అప్పుడు మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. సభలో కేకలు పడ్డాయి, వాగ్వాదం జరిగింది, కానీ మనం ఏ లెక్కతో పోతున్నామో దేశానికి ముందే తెలిసింది. మరుసటి ఏడాది మెక్సికోలోని కాన్‌కూన్‌ సదస్సులో, అన్ని దేశాలూ తగిన చట్టబద్ధ రూపంలో కట్టుబడాలని ఆయన ముందుగా చెప్పకుండా అనేసరికి ఇక్కడ దుమారం రేగింది, సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అది ఆరోగ్యకరమే. ఈమధ్య సంగతి చూస్తే, పారిస్ ఒప్పందం కింద ఇవ్వాల్సిన 2035 లక్ష్యాల పత్రానికి గడువు 2025 ఫిబ్రవరి. బెలెం సదస్సు మొదలయ్యేనాటికీ మన పత్రం అందలేదు. చాలా దేశాలు ఆలస్యం చేశాయి, నిజమే. ఆ ఆలస్యానికి కారణమేంటని మాత్రం సభలో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

సమాచార హక్కు సంగతి కూడా చెప్తాను. పది రూపాయలు, ఆన్‌లైన్లోనే పెట్టుకోవచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. "చర్చల్లో మన వ్యూహం ఏమిటి" అని అడిగితే విదేశీ సంబంధాలు అంటూ ఎనిమిదో సెక్షన్ చూపించి తిప్పి పంపుతారు. ముగిసిపోయిన పనిని అడగండి. ప్రతినిధి బృందంలో ఏ శాఖ నుంచి ఎంతమంది, ఖర్చెంత, తిరిగొచ్చాక తయారైన నివేదిక ఉందా, పత్రం రూపొందించేటప్పుడు రాష్ట్ర ప్రభుత్వాలను, కార్మిక సంఘాలను సంప్రదించారా, సంప్రదిస్తే ఆ తేదీలు, హాజరైనవాళ్లు ఎవరు. ఇలాంటివాటికి జవాబు ఎగ్గొట్టడం కష్టం.

గోదావరిఖని టీచర్:

అందరికీ చాలా థ్యాంక్స్. తెనాలి అన్నా, మీ మాట కూడా పిల్లలకు చెప్తాను, తలసరి లెక్కలు బోర్డు మీద వేసి చూపిస్తాను. తేలే సోలార్ చూడటానికి అనుమతి దొరుకుతుందేమో ఎన్టీపీసీ వాళ్లను అడుగుతున్నా. ఏడాదికి ఎన్ని యూనిట్లో పిల్లలే లెక్క కట్టాలని నా కోరిక.

ఎంపీకి ఇవ్వడానికి ఒక ప్రశ్న రాశాను, చూడండి: "బెలెం సదస్సులో నిర్ణయించిన న్యాయమైన మార్పిడి యంత్రాంగం విషయంలో భారత ప్రభుత్వ వైఖరి ఏమిటి? ఆ వైఖరి ఖరారు చేసే ముందు తెలంగాణ ప్రభుత్వాన్ని, సింగరేణి గుర్తింపు సంఘాన్ని, కాంట్రాక్టు కార్మికుల సంఘాలను సంప్రదించారా? బొగ్గు గనులు మూసే ప్రాంతాల కార్మికులకు, వారి పిల్లలకు కేంద్రం దగ్గర ఉన్న ప్రణాళిక, నిధులు ఎంత?"

ఢిల్లీ పాత విలేకరి:

బాగుంది. ఒక్క మార్పు చేయండి. ఒక ప్రశ్న ఒక్క శాఖకే పోతుంది. మొదటి రెండు భాగాలు పర్యావరణ శాఖకు, చివరి భాగం బొగ్గు శాఖకు, విడివిడిగా రెండు ప్రశ్నలు చేయండి. కలిపి ఇస్తే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. నక్షత్ర గుర్తు ప్రశ్నగా ఇవ్వమని ఎంపీని అడగండి, అది మౌఖిక సమాధానానికి వస్తే అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నోటీసు పదిహేను రోజుల ముందు పడాలి కాబట్టి శీతాకాల సమావేశాల తేదీలు రాగానే వెళ్లండి. అనుబంధ ప్రశ్నలు రెండు మూడు నేను రాసి పంపుతాను, కాంట్రాక్టు కార్మికుల లెక్క మీ సంఘాల దగ్గర దొరికితే ముందు అది ఇక్కడ పెట్టండి.